కృష్ణ పదార్థం ఏది కాదో మనకెంత తెలుసు: తరచుగా అడిగే ప్రశ్నలు

కృష్ణ పదార్థం (కంటికి కనపడకుండా, గురుత్వంతోనే జాడ తెలిసే పదార్థం) గురించి ఎక్కడ మాట్లాడినా చివర్లో లేచే చెయ్యి ఒకటే అడుగుతుంది: "ఇంతకీ దొరికిందా?" దొరకలేదు. అయితే ఆ ఒక్క మాట చెప్పి ఊరుకుంటే నలభై ఏళ్ళ పని కనపడకుండా పోతుంది. అది ఏది కాదో ఈ నలభై ఏళ్ళలో అంకెలతో సహా తేలింది. ఒకప్పుడు అందరూ మొదటగా తలుచుకున్న కణాలు కొన్ని ఇవాళ లెక్కలోనే లేవు. ఆ "కాదు"లు ఎలా తేలాయి, ఏది ఎంత గట్టిది అన్నదాని చుట్టూనే ఇక్కడి ప్రశ్నలన్నీ తిరుగుతాయి.

అసలు కృష్ణ పదార్థం ఉందని ఎలా చెబుతున్నారు?

బరువు లెక్క కుదరడం లేదు కాబట్టి. 1933లో ఫ్రిట్జ్ జ్వికీ కోమా గెలాక్సీ గుంపుని పరిశీలించి, అందులోని గెలాక్సీల వేగానికి కనిపించే నక్షత్రాల బరువు ఏ మూలకూ చాలదన్నాడు. 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీలో వాయుమేఘాల వేగం కొలిచారు. కేంద్రం నుంచి దూరం పోయేకొద్దీ పడిపోవాల్సిన వేగం పడిపోలేదు. చివరికి ప్లాంక్ ఉపగ్రహం విశ్వపు తొలినాటి వెలుగుని కొలిచి లెక్క తేల్చింది: విశ్వంలోని మొత్తం శక్తిలో మనకు తెలిసిన పదార్థం సుమారు 5 శాతం, కృష్ణ పదార్థం 26 శాతం పైచిలుకు. ఎంత ఉందో ఇంత నిక్కచ్చిగా తెలిసి, ఏమిటో బొత్తిగా తెలియని వస్తువు భౌతికశాస్త్రంలో ఇంకొకటి నాకు గుర్తు రావడం లేదు.

"సరళమైన కణ నమూనా" అంటే ఏమిటి?

ఇప్పుడు తెలిసిన కణాల పట్టికకు ఒకే ఒక్క కొత్త కణాన్ని చేర్చడం. దానికి ఒకటో రెండో కొత్త అంకెలు మాత్రమే ఇవ్వడం: బరువెంత, మామూలు పదార్థంతో ఎంత గట్టిగా తగులుకుంటుంది. మిగతాదంతా లెక్కలోంచి దానంతట అదే రావాలి. ఆ కణానికి విద్యుదావేశం ఉండకూడదు, 1380 కోట్ల ఏళ్ళుగా విచ్ఛిన్నం కాకుండా నిలవాలి, గెలాక్సీలు కట్టుకునే కాలానికి నెమ్మదించి ఉండాలి. అన్నిటికీ మించి, తయారైన మొత్తం ప్లాంక్ కొలిచిన అంకెకు సరిపోవాలి.

సరళమైన నమూనాలంటే నాకు గౌరవం. రెండంకెల నమూనా తప్పయితే వెంటనే దొరికిపోతుంది. ఇరవై అంకెల నమూనా ఒక మూల కాలితే ఇంకో మూలకు జరుగుతుంది. పరీక్షకు నిలబడటం అన్నది మొదటిదానికే పూర్తిగా వర్తిస్తుంది.

న్యూట్రినోలు మనకు తెలిసినవే కదా, అవే కృష్ణ పదార్థం ఎందుకు కాకూడదు?

ఇది తెలివైన ప్రశ్న. న్యూట్రినోలు విద్యుదావేశం లేని, దేన్నీ దాదాపు తగలని అతి తేలిక కణాలు. చరిత్రలో మొదట అడిగిన ప్రశ్న కూడా ఇదే. 1972లో రామనాథ్ కౌసిక్, జాన్ మెక్‌క్లెలండ్ ఒక చిన్న లెక్క కట్టారు. మహావిస్ఫోటం నుంచి మిగిలిన న్యూట్రినోలు ఎన్నో తెలుసు కాబట్టి, వాటి బరువు ఎక్కువైతే విశ్వం వ్యాకోచించే తీరే మారిపోవాలి. మారలేదు కాబట్టి వాటి బరువుకు పైహద్దు ఉంది. విశ్వాన్నే త్రాసుగా వాడి ఒక కణాన్ని తూచిన తొలి ప్రయత్నాల్లో అదొకటి, అందులో ఒక భారతీయుడి చేయి ఉంది.

ఇవాళ ఆ లెక్కని మీరే పూర్తి చేయవచ్చు. జర్మనీలోని కాట్రిన్ ప్రయోగం న్యూట్రినో బరువు 0.45 ఈవీకి (ఎలక్ట్రాన్ వోల్టు, కణాల బరువుకు వాడే కొలత) మించదని 2025లో ప్రకటించింది. మూడు రకాల న్యూట్రినోల బరువుల్లో తేడా చాలా స్వల్పం, అందుకని మూడూ కలిపి మహా అయితే 1.35 ఈవీ. బరువుని విశ్వంలోని మోతాదుగా మార్చడానికి దాన్ని 93తో భాగిస్తే 0.0145 వస్తుంది. కృష్ణ పదార్థానికి ప్లాంక్ ఇచ్చిన ఇదే రకం అంకె 0.120. అంటే న్యూట్రినోలన్నీ కలిసినా ఎనిమిదో వంతుకు మించలేవు. గెలాక్సీల పంపిణీని చూసి కట్టే హద్దులు ఇంకా బిగువు. వాటి ప్రకారం ఇది ఒక శాతం దరిదాపుల్లోనే ఉంటుంది. పైగా ఇంత తేలికైన కణాలు దాదాపు కాంతివేగంతో పరుగెత్తి చిన్న గెలాక్సీలను కట్టనివ్వవు.

కృష్ణ పదార్థ కణం బరువుకు సిద్ధాంతపరంగా హద్దులున్నాయా?

ఉన్నాయి. ఏ ప్రయోగమూ చేయకుండానే ఇంత చెప్పగలగడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

కింది హద్దు నుంచి మొదలుపెడదాం. ఆ కణం ఎలక్ట్రాన్‌లాగా ఫెర్మియాన్ అయితే, పౌలీ నియమం ప్రకారం ఒకే స్థితిలో రెండు ఉండలేవు. బస్సులో సీటుకొకరే కూర్చోవాలన్నట్టు. ఒక మరుగుజ్జు గెలాక్సీలో ఎంత బరువుందో తెలుసు, ఎన్ని సీట్లున్నాయో లెక్క కట్టవచ్చు. కణం మరీ తేలికైతే సీట్లన్నీ నిండినా ఆ బరువు రాదు. 1979లో స్కాట్ ట్రెమైన్, జేమ్స్ గన్ చూపిన ఈ వాదన మరుగుజ్జు గెలాక్సీలకు వర్తింపజేస్తే కొన్ని వందల ఈవీ కంటే తేలికైన ఫెర్మియాన్లకు తావు లేదు. ఒకప్పుడు మిగతా పదార్థంతో కలిసి వేడెక్కిన కణమైతే హద్దు ఇంకా పైకి, కొన్ని కేఈవీల (వేల ఈవీల) దాకా పోతుంది. దూరపు క్వేజార్ల (అతి ప్రకాశవంతమైన గెలాక్సీ కేంద్రాల) వెలుగులో దారిలోని హైడ్రోజన్ మేఘాలు వేసే నీడలు చూసి చెప్పే మాట ఇది.

బోసాన్లకు సీట్ల గొడవ లేదు, ఒకే చోట ఎన్నయినా కూడవచ్చు. వాటికి వేరే ఆటంకం ఉంది. కణం ఎంత తేలికైతే దాని తరంగదైర్ఘ్యం అంత పెద్దది. 10⁻²² ఈవీ దగ్గర అది వేల కాంతి సంవత్సరాలకు పెరిగి, మరుగుజ్జు గెలాక్సీ అంత అవుతుంది. అంతకంటే తేలికైతే ఆ గెలాక్సీలో ఇమడదు.

పైహద్దు ఇంకా అందమైనది, కానీ దానికి ఒక షరతుంది: కణం తొలినాటి వేడి విశ్వంలో మిగతా కణాలతో కలిసి ఉడికి, తర్వాత విడిపోయి ఉండాలి. ఆ సంగతి తర్వాతి ప్రశ్నలో.

వింప్ అన్న పేరు తరచూ వింటాం. దానికంత ప్రాముఖ్యం ఎందుకు వచ్చింది?

వింప్ అంటే బరువుండి, మామూలు పదార్థంతో బలహీనంగా మాత్రమే తగులుకునే కణం. దాని ప్రాముఖ్యం తెలియాలంటే తిరునాళ్ళ మైదానంలో ఒక ఆట ఊహించండి. ఎవరైనా ఇద్దరు ఎదురుపడితే ఇద్దరూ మైదానం విడిచి వెళ్ళిపోవాలి. జనం కిక్కిరిసి ఉన్నప్పుడు జంటలు జంటలుగా చకచకా మాయమవుతారు. ఇప్పుడు ఆ మైదానమే నాలుగు వైపులా సాగుతూ ఉందనుకోండి. ఒక దశ దాటాక ఒకరికొకరు ఎదురుపడటమే ఉండదు. అప్పటికి మిగిలినవాళ్ళు ఎప్పటికీ మిగిలిపోతారు. దూరం నుంచే ఒకరినొకరు గుర్తుపట్టగలిగేవాళ్ళయితే ఎక్కువమంది వెళ్ళిపోతారు, కొద్దిమందే మిగులుతారు. గుడ్డిగా తిరిగేవాళ్ళయితే చాలామంది మిగులుతారు.

విశ్వంలో జరిగినదీ ఇదే. కృష్ణ పదార్థ కణాలు రెండు కలిసి వినాశనమై మామూలు కణాలుగా మారుతుంటాయి. విశ్వం వ్యాకోచించి చల్లబడ్డాక అది ఆగిపోతుంది. ఇవాళ కనిపించే మోతాదు మిగలాలంటే వినాశన రేటు సుమారు 2 నుంచి 3×10⁻²⁶ ఘన సెంటీమీటర్లు, సెకనుకు. చిత్రమేమిటంటే, ప్రోటాన్‌కి వంద రెట్లు బరువుండి బలహీన బలంతో (రేడియోధార్మికతలో కనిపించే కేంద్రక బలంతో) తగులుకునే కణానికి లెక్క కడితే ఇంచుమించు ఇదే అంకె వస్తుంది. కణాలకు బరువునిచ్చే ఏర్పాటులో భాగమైన హిగ్స్ బోసాన్ బరువు గురించిన చిక్కుముడి విప్పడానికి కూడా సరిగ్గా ఆ బరువుల్లోనే కొత్త కణాలుండాలని చాలామంది అనుకుంటున్న రోజులవి. రెండు వేరు వేరు దారులు ఒకే ఊరికి చేరినట్టనిపించింది. దాన్ని "వింప్ అద్భుతం" అన్నారు.

ఆ మాటలో నిజం ఎంత? నా అభిప్రాయంలో సగం. కావలసిన వినాశన రేటు బరువుకీ తగులుకునే బలానికీ మధ్య ఒక సంబంధాన్ని మాత్రమే బిగిస్తుంది. బరువు తగ్గించి, బలాన్నీ తగ్గిస్తే లెక్క మళ్ళీ సరిపోతుంది. వంద జీఈవీ (ప్రోటాన్ బరువు సుమారు 1 జీఈవీ) దగ్గరే ఉండాలని విశ్వం మనకు మాట ఇవ్వలేదు.

ఇక్కడి నుంచే రెండు హద్దులు వస్తాయి. బలహీన బలమే వాడుకునే న్యూట్రినో లాంటి కణం తేలికయ్యేకొద్దీ దాని వినాశన రేటు పడిపోతుంది, మరీ ఎక్కువ మిగులుతుంది. సుమారు 2 జీఈవీ కంటే తేలికైతే విశ్వం పట్టదు. ఇది 1977 నాటి లీ-వైన్‌బర్గ్ హద్దు. రెండో కొసన, కణం బరువెక్కేకొద్దీ అది ఎంత వేగంగా వినాశనం కాగలదన్నదానికి క్వాంటమ్ సిద్ధాంతమే ఒక గరిష్ఠం పెడుతుంది, ఎందుకంటే ఏ సంఘటన సంభావ్యతా నూటికి నూరు దాటదు. కిమ్ గ్రీస్ట్, మార్క్ కమియోన్‌కోవ్‌స్కీ 1990లో దీన్నుంచి 340 టీఈవీ అన్న పైహద్దు తెచ్చారు. కృష్ణ పదార్థం మోతాదు ఇప్పుడు కచ్చితంగా తెలిసింది కాబట్టి అది 100 టీఈవీ ప్రాంతానికి దిగింది. (1000 జీఈవీలు ఒక టీఈవీ.)

దీన్ని భూమి అడుగున గనుల్లో ఎందుకు వెతుకుతున్నారు?

కణం బరువు 100 జీఈవీ అనుకుందాం. మన చుట్టూ కృష్ణ పదార్థం సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 0.3 జీఈవీ, అంటే లీటరుకు మూడు కణాలు. అవి సెకనుకు 220 కిలోమీటర్ల చొప్పున కదులుతున్నాయి. గుణిస్తే మీ బొటనవేలి గోటిలోంచి సెకనుకు అరవై వేలకు పైగా కణాలు దూసుకుపోతున్నట్టు. ఎప్పుడో ఏ ఒక్కటో ఒక పరమాణు కేంద్రకాన్ని తగిలితే ఆ కేంద్రకం కొద్దిగా ఉలిక్కిపడుతుంది. ఆ ఉలికిపాటుని పట్టుకోవాలి. నేల మీద కాస్మిక్ కిరణాల రొదలో అది వినబడదు, అందుకే పైన వందల మీటర్ల నుంచి కిలోమీటరుకు పైగా రాయి కప్పుకోవడం.

అమెరికాలో దక్షిణ డకోటాలోని హోమ్‌స్టేక్ బంగారు గనిని చూడండి. సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోల కోసం రే డేవిస్ దాదాపు 3,80,000 లీటర్ల డ్రై క్లీనింగ్ ద్రవాన్ని పెట్టింది అక్కడే. దానికి 2002లో నోబెల్ వచ్చింది. కృష్ణ పదార్థ కణాల మీద 1987లో తొలి ప్రయోగపు హద్దు ఇచ్చిన జెర్మేనియం పరికరం ఉన్నదీ ఆ గనిలోనే. ఇవాళ దాదాపు కిలోమీటరున్నర లోతున, డేవిస్ పేరు పెట్టిన గుహలో, ఎల్‌జెడ్ ప్రయోగం 7 టన్నుల ద్రవ జీనాన్‌తో కాపు కాస్తోంది. జీనాన్‌ని సున్నాకి వంద డిగ్రీల సెల్సియస్ దిగువన ఉంచుతారు. కేంద్రకం ఉలిక్కిపడితే ముందు ఒక చిన్న మెరుపు, వెంటనే కొన్ని ఎలక్ట్రాన్లు పైకి తేలి రెండో మెరుపు. ఈ రెండిటి నిష్పత్తి చూస్తే తగిలింది కేంద్రకానికా, ఎలక్ట్రాన్‌కా అన్నది చాలావరకు తెలిసిపోతుంది. ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద జీనాన్‌ఎన్‌టీ, చైనాలో జిన్‌పింగ్ కొండ కింద పాండాఎక్స్-4టీ ఇదే పద్ధతిలో పని చేస్తున్నాయి.

ఈ సంప్రదాయం మనకు పరాయిది కాదు. కుప్పం నుంచి సరిహద్దు దాటితే వచ్చే కోలార్ బంగారు గనుల్లో, 2.3 కిలోమీటర్ల లోతున, 1965లో వాతావరణ న్యూట్రినోల జాడ పట్టారు. ప్రపంచంలో అవి తొలి నమోదుల్లో ఒకటి. తెలుగు, తమిళ కార్మికులు తవ్విన సొరంగాలవి. ఆ గనులు మూతపడ్డాయి. ఇప్పుడు జార్ఖండ్‌లోని జాదూగూడ యురేనియం గనిలో 555 మీటర్ల లోతున 2017లో మొదలైన ప్రయోగశాల ఉంది. అక్కడ ఇన్‌డెక్స్ ప్రయోగం అతితప్త (మరిగే వేడి దాటినా ఇంకా మరగని) ద్రవపు బిందువులతో తేలికపాటి కృష్ణ పదార్థ కణాల కోసం వెతుకుతోంది. బిందువుకి కేంద్రకపు ఉలికిపాటు తగిలితే అది బుడగగా పేలుతుంది, ఆ చప్పుడు వింటారు.

"10⁻⁴⁸ చదరపు సెంటీమీటర్లు" అంటూ వార్తల్లో వస్తుంది. దాని అర్థం ఏమిటి?

దాన్ని క్రాస్ సెక్షన్ అంటారు. కృష్ణ పదార్థ కణానికి ఒక ప్రోటాన్ ఎంత పెద్ద గురిగా కనిపిస్తుందన్నమాట. ప్రోటాన్ అసలు సైజు 10⁻²⁶ చదరపు సెంటీమీటర్ల ప్రాంతం. ఎల్‌జెడ్ 2024లో ప్రకటించిన ఫలితం, 280 రోజుల సమాచారంతో, 40 జీఈవీ కణానికి ఆ గురి 2.2×10⁻⁴⁸ చదరపు సెంటీమీటర్లకు మించదంటోంది. ప్రోటాన్ సైజులో ఇంచుమించు 10²² వంతు.

ఇంత చిన్నదాన్ని ఎలా అందుకుంటారు? జీనాన్ కేంద్రకంలో 131 దాకా ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఉంటాయి. మెల్లగా వచ్చే కణానికి అవన్నీ కలిసి ఒకే గురిగా కనిపిస్తాయి, అప్పుడు బలం 131 రెట్లు కాదు, 131 వర్గం, అంటే 17,000 రెట్లు పెరుగుతుంది. కేంద్రకం బరువు వల్ల ఇంకో వెయ్యి రెట్లు కలిసొస్తుంది. అన్నీ వేసి చూస్తే ఆ హద్దు దగ్గర ఒక టన్ను జీనాన్‌ని ఏడాదంతా కాపలా కాస్తే తగిలే దెబ్బ ఇంచుమించు ఒక్కటి. ఆ ఒక్క దెబ్బ రాలేదని నమ్మకంగా చెప్పడానికి, మిగతా ప్రతి మెరుపూ ఎక్కడిదో తెలిసి ఉండాలి. పరికరం గోడల్లోని రేడాన్ దగ్గర్నుంచి కేబుళ్ళలోని మలినాల దాకా తూచి పెట్టుకున్నవాళ్ళకే అది సాధ్యం. ఈ రంగంలో నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది ఈ శుభ్రతే.

ఫలితాల గ్రాఫులో (అడ్డంగా కణం బరువు, నిలువుగా క్రాస్ సెక్షన్; గీతకు పైనున్నవి కొట్టేసినవి) గీత ఎప్పుడూ పడవలా ఉంటుంది, 30, 40 జీఈవీ దగ్గర అడుగు తాకుతుంది. ఎడమ వైపు గీత నిటారుగా లేస్తుంది, ఎందుకంటే కణం తేలికైతే జీనాన్ కేంద్రకాన్ని కదిలించలేదు. పింగ్‌పాంగ్ బంతితో రోకలిని కొట్టినట్టే. కుడి వైపు నెమ్మదిగా లేస్తుంది. మొత్తం బరువు మారదు కాబట్టి, ఒక్కో కణం బరువెక్కితే కణాల సంఖ్య తగ్గుతుంది. తేలిక వైపు ఖాళీని క్రెస్ట్, సూపర్‌సీడీఎంఎస్, సెన్సెయ్, డామిక్-ఎం లాంటి చిన్న పరికరాలు పూరిస్తున్నాయి.

ఆ గీతకు పైన ఉన్న నమూనా చచ్చిపోయినట్టేనా?

షరతులు చదివాకే ఆ మాట అనాలి. గీత గీసేటప్పుడు కొన్ని అనుకుంటారు: సాంద్రత 0.3 జీఈవీ అని, కృష్ణ పదార్థమంతా ఆ ఒక్క కణమే అని, అది ప్రోటాన్‌నీ న్యూట్రాన్‌నీ సమానంగా తగులుతుందని, తగిలాక తాను మారకుండా పోతుందని, కేంద్రకపు స్పిన్‌తో (సొంత భ్రమణం లాంటి గుణంతో) పని లేదని. స్పిన్‌ని మాత్రమే పట్టించుకునే కణమైతే 131 వర్గం అన్న లాభం పోతుంది, హద్దు లక్షల రెట్లు బలహీనపడుతుంది. అలాంటివాటికి ఫ్లోరిన్ వాడే పికో లాంటి ప్రయోగాలు కావాలి. కణం మొత్తం కృష్ణ పదార్థంలో పదో వంతే అయితే గీత పది రెట్లు పైకి జరుగుతుంది.

అయితే నిజంగా కూలిన సరళ నమూనాలు ఏవి?

అన్నిటికంటే స్పష్టమైనది భారీ న్యూట్రినో. మనకు తెలిసిన న్యూట్రినోల్లాంటిదే, కాకపోతే బరువైనది, నాలుగో తరంది. కొత్త బలం ఏదీ అక్కర్లేదు, బలహీన బలాన్ని మోసే జెడ్ బోసానే చాలు. దానికి యూరప్ కణ ప్రయోగశాల సర్న్‌లోని లెప్ యంత్రం ఒక వైపు నుంచి తలుపు మూసింది. జెడ్ బోసాన్ కనిపించకుండా ఎంత భాగం విచ్ఛిన్నమవుతుందో కొలిచి, తేలికైన న్యూట్రినో రకాలు 2.984±0.008 అని తేల్చింది. మూడే. కాబట్టి జెడ్ బరువులో సగం, అంటే 45 జీఈవీ లోపు నాలుగోదానికి చోటు లేదు. రెండో వైపు నుంచి గనులు మూశాయి. జెడ్ ద్వారా కేంద్రకాన్ని తగిలే కణానికి క్రాస్ సెక్షన్ 10⁻³⁹ ప్రాంతంలో ఉండాలి, ఇప్పటి హద్దు దానికి కోట్ల రెట్లు కింద ఉంది. ఈ నమూనా ఎప్పుడో పోయింది, హోమ్‌స్టేక్‌లోని ఆ 1987 జెర్మేనియం పరికరమే మొదటి దెబ్బ కొట్టింది.

కేఈవీ బరువున్న స్టెరైల్ న్యూట్రినో (బలహీన బలం కూడా తగలని న్యూట్రినో) రెండోది. స్కాట్ డోడెల్సన్, లారెన్స్ విడ్రో 1994లో దానికి ఒక చక్కటి పుట్టుక చెప్పారు: మామూలు న్యూట్రినోలతో కొద్దిగా కలిసి, తొలి విశ్వంలో మెల్లమెల్లగా పోగవడం. అంకెలు రెండే, బరువు, కలయిక కోణం. బరువు ఎక్కువైతే అది విచ్ఛిన్నమై ఎక్స్ కిరణాలు వెదజల్లాలి, టెలిస్కోపులు అవి లేవంటున్నాయి. తక్కువైతే చిన్న గెలాక్సీలు చెరిగిపోవాలి, అవి ఉన్నాయి. రెండు హద్దులూ మధ్యలో కలిసిపోయాయి. స్టెరైల్ న్యూట్రినో అన్న భావన బతికే ఉంది, ఆ సులువైన పుట్టుక మాత్రం నిలవలేదు.

మూడోది కథ ఇంకా ముగియనిది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది కూడా. 1985లో వాండా సిల్వేరా, ఆంథొనీ జీ ప్రతిపాదించిన స్కేలార్ (స్పిన్ లేని) కణం. ఏ ఆవేశమూ లేదు, హిగ్స్‌తో మాత్రమే మాట్లాడుతుంది. అంకెలు రెండు: బరువు, హిగ్స్‌తో తగులుకునే బలం. మోతాదు సరిపోవాలంటే ఆ బలం బరువుని బట్టి నిర్ణయమైపోతుంది, అంటే నిజానికి మిగిలింది ఒక్క అంకె. ఇంతకంటే పొదుపైన నమూనా రాయడం కష్టం. 2012లో హిగ్స్ 125 జీఈవీ దగ్గర దొరికాక దీన్ని నిలదీయడం సాధ్యమైంది. 62 జీఈవీ కంటే తేలికైతే హిగ్స్ వీటిలోకి విచ్ఛిన్నమై మాయమవ్వాలి. అలా మాయమయ్యే భాగం 10.7 శాతానికి మించదని సర్న్‌లోని అట్లాస్ ప్రయోగం చెప్పింది. తేలిక వైపు అలా పోయింది. అంతకంటే బరువైన చోట్ల, వేల జీఈవీల దాకా, జీనాన్ ప్రయోగాలు తుడిచేశాయి. ఇక మిగిలినవి రెండు చోట్లు: హిగ్స్ బరువులో సరిగ్గా సగం, 62.5 జీఈవీ దగ్గర సన్నని సందు, అక్కడ వినాశనం అనునాదంతో తేలికగా జరుగుతుంది కాబట్టి బలం చాలా తక్కువైనా చాలు. రెండోది ఎన్నో టీఈవీల బరువున్న చివరి అంచు. ఒకే అంకె ఉన్న నమూనాని ఇలా రెండు వైపుల నుంచి తరుముకుంటూ రావడం చూస్తుంటే, ప్రయోగం సిద్ధాంతానికి ఇవ్వగల అసలైన మర్యాద ఇదేననిపిస్తుంది.

ఆకాశం వైపు చూసి ఏమైనా తేలిందా?

కణాలు జంటలుగా వినాశనమైతే గామా కిరణాలు రావాలి. మరుగుజ్జు గెలాక్సీలు దానికి మంచి చోటు, వాటిలో కృష్ణ పదార్థం దండిగా ఉంటుంది, ఇతర గామా వెలుగు దాదాపు ఉండదు. ఫెర్మి ఉపగ్రహం ఆరేళ్ళ పాటు 15 మరుగుజ్జు గెలాక్సీలను చూసి 2015లో ఇచ్చిన ఫలితం ప్రకారం, బాటమ్ క్వార్కులుగా మారే వింప్ సుమారు 100 జీఈవీ లోపు ఉంటే, ఆ 2-3×10⁻²⁶ రేటు కుదరదు. ప్లాంక్ వేరే దారిలో, తొలి వెలుగు మీద పడే మచ్చలు చూసి, ఇంచుమించు 10 జీఈవీ లోపు మామూలు వింప్‌లను కొట్టేసింది. వినాశన రేటు వేగం మీద ఆధారపడే నమూనాలూ, న్యూట్రినోలుగా మాత్రమే మారే కణాలూ ఈ హద్దుల నుంచి తప్పించుకుంటాయి.

మన గెలాక్సీ కేంద్రంలో లెక్కకు మించిన గామా వెలుగు ఉందని లీసా గుడ్‌ఎనఫ్, డాన్ హూపర్ 2009లో గుర్తించారు. అది కృష్ణ పదార్థమా, కంటికి ఆనని మిల్లీసెకన్ పల్సార్ల (సెకనుకు వందల సార్లు తిరిగే చిక్కని నక్షత్రాల) గుంపా అన్న వాదన ఇంకా తెగలేదు.

టీఈవీ బరువుల కోసం నేల మీది టెలిస్కోపులు కావాలి. లడఖ్‌లోని హాన్లేలో 4,300 మీటర్ల ఎత్తున, 21 మీటర్ల అద్దంతో 2024లో ప్రారంభమైన మేస్ టెలిస్కోపు అలాంటిదే. దాన్ని భాభా అణు పరిశోధన కేంద్రంతో కలిసి తయారు చేసింది హైదరాబాదులోని ఈసీఐఎల్.

డామా ప్రయోగం ఎప్పుడో కనిపెట్టేసిందట కదా?

గ్రాన్ సాసోలో సోడియం అయొడైడ్ స్ఫటికాల్లో ఏటా జూన్ ప్రాంతంలో పెరిగి డిసెంబరులో తగ్గే సంకేతం డామాకు రెండు దశాబ్దాలకు పైగా కనిపించింది. భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల కృష్ణ పదార్థపు "ఎదురుగాలి" అలాగే మారాలి. సంకేతం ఉందన్నదాంట్లో అనుమానం లేదు, అది దేనిదన్నదే ప్రశ్న. అదే స్ఫటికాలతో స్పెయిన్‌లో అనాయిస్-112, కొరియాలో కొసైన్-100 మళ్ళీ చూశాయి. రెండిటికీ ఆ ఊగిసలాట కనిపించలేదు, తేడా 3 సిగ్మాకి మించి ఉంది (సిగ్మాలు పెరిగేకొద్దీ అది కాకతాళీయం కాదన్న నమ్మకం పెరుగుతుంది). పదార్థం ఒకటే కాబట్టి నమూనా మార్చి తప్పించుకునే దారి కూడా లేదు. నా లెక్కలో ఆ సంకేతాన్ని కృష్ణ పదార్థంగా చదివే రోజులు పోయాయి.

"న్యూట్రినో పొగమంచు" అంటే?

సూర్యుడి నుంచి వచ్చే న్యూట్రినోలు కూడా జీనాన్ కేంద్రకాన్ని ఉలికిస్తాయి. బోరాన్-8 న్యూట్రినోలు చేసే సవ్వడి అచ్చం 6 జీఈవీ కృష్ణ పదార్థ కణం చేసినట్టే ఉంటుంది. వాటిని ఏ రాయీ ఆపదు. 2024లో జీనాన్‌ఎన్‌టీ, పాండాఎక్స్-4టీ రెండూ వీటి తొలి ఆనవాళ్ళు, 2.6 నుంచి 2.7 సిగ్మా స్థాయిలో, చూశాయి. ఇకపై ముందుకు పోయేకొద్దీ పరికరం ఎంత పెంచినా ఫలం అంతగా పెరగదు. దారి మూసుకుపోలేదు, నడక మాత్రం నెమ్మదిస్తుంది.

ఇంకా నిలిచి ఉన్న సరళ నమూనాలు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. హిగ్సినో ఒకటి, సూపర్‌సిమెట్రీ అన్న సిద్ధాంతం హిగ్స్‌కు జోడీగా ఊహించిన కణం. మోతాదు సరిపోవాలంటే దాని బరువు 1.1 టీఈవీ ఉండాలని లెక్కే చెబుతుంది, మార్చుకోవడానికి వేరే అంకె లేదు. గనుల్లో దాని దెబ్బ పొగమంచు కంటే బలహీనం, సర్న్‌లోని భారీ కణ యంత్రం ఎల్‌హెచ్‌సీకి అది మరీ బరువు. దాని చుట్టం వినో సుమారు 2.8 టీఈవీ దగ్గర ఉండాలి. గెలాక్సీ కేంద్రం నుంచి వచ్చే గామా కిరణాల హద్దులు దాన్ని బాగా ఇరుకున పెట్టాయి, అయితే కేంద్రంలో కృష్ణ పదార్థం ఎంత చిక్కగా ఉందన్నదాన్ని బట్టి ఆ తీర్పు మారుతుంది.

పూర్తిగా వేరే దారిలో ఆక్సియాన్ ఉంది. బలమైన కేంద్రక బలంలోని ఒక చిక్కు కోసం 1977లో రాబర్టో పెచ్చెయ్, హెలెన్ క్విన్ చెప్పిన ఆలోచన నుంచి పుట్టిన కణమది. తిరునాళ్ళ ఆట దానికి వర్తించదు, అది వేడిలో ఉడకలేదు. సియాటిల్‌లోని ఏడీఎంఎక్స్ బలమైన అయస్కాంతంలో ఒక లోహపు డబ్బాని రేడియో తిప్పినట్టు తిప్పుతూ వెతుకుతుంది. 2018లో 2.7 మైక్రో ఈవీ దగ్గర ఒక చిన్న మెట్టులో, సిద్ధాంతం ఆశించిన అతి బలహీన సంకేతాన్ని కూడా పట్టగల స్థాయికి చేరి, అక్కడ లేదని చెప్పింది. తిప్పాల్సిన స్టేషన్లు ఇంకా చాలా ఉన్నాయి.

ఇన్నాళ్ళూ దొరకలేదంటే గురుత్వ సిద్ధాంతమే తప్పు కావచ్చుగా?

అడగదగ్గ ప్రశ్నే. గెలాక్సీల వేగం వరకూ గురుత్వాన్ని మార్చి చెప్పవచ్చు, కొన్ని చోట్ల బాగా కుదురుతుంది కూడా. ఆగిపోయేది బుల్లెట్ గుంపు దగ్గర. రెండు గెలాక్సీ గుంపులు ఢీకొన్న చోట వేడి వాయువు మధ్యలో ఆగిపోయింది, కాంతిని వంచే బరువు మాత్రం వాయువుని వదిలి ముందుకు సాగిపోయింది. 2006లో ఆ పటం వచ్చింది. సాధారణ పదార్థంలో ఎక్కువ భాగం ఆ వాయువే. బరువు దానితో లేదంటే వేరే వస్తువేదో ఉండి తీరాలి. ఆ ఢీకొనడమే ఇంకో హద్దు కూడా ఇచ్చింది: కృష్ణ పదార్థ కణాలు ఒకదానినొకటి గ్రాముకు సుమారు ఒక చదరపు సెంటీమీటరు కంటే గట్టిగా తగలవు. తొలి వెలుగులోని శిఖరాల ఎత్తుపల్లాలు కూడా కృష్ణ పదార్థం లేకుండా కుదరడం లేదు.

"కృష్ణ పదార్థం దొరికింది" అని వార్త వస్తే ముందు ఏం చూడాలి?

ఎన్ని సిగ్మాలు, ఏ పదార్థంతో, నేపథ్యపు రొద ఏమేం లెక్కించారు, అదే కణాన్ని చూడగల ఇంకో పరికరం ఏమంది. ఒక ఉదాహరణ చాలు. 2020లో జీనాన్1టీ ప్రయోగంలో తక్కువ శక్తుల దగ్గర ఎలక్ట్రాన్ మెరుపులు అనుకున్నదానికంటే ఎక్కువ కనిపించాయి. నెలల్లోనే ఎన్నో వివరణలు వచ్చాయి: సూర్యుడి ఆక్సియాన్లని, కొత్త బోసాన్లని. ఆ ప్రయోగం వాళ్ళు మాత్రం తమ పత్రంలోనే, జీనాన్‌లో అత్యల్పంగా ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) కలిసి ఉన్నా ఇలాగే కనిపిస్తుందని, దాన్ని తోసిపుచ్చలేమని రాశారు. తర్వాత ఇంకా శుభ్రమైన జీనాన్‌ఎన్‌టీ కట్టి, 2022లో అదే చోట మళ్ళీ చూశారు. ఆ అదనపు మెరుపులు లేవు.